షిఫ్టులు లెక్కపెట్టాకే బ్యాటరీ

సరుకు ఎత్తి దించే ఫోర్క్‌లిఫ్టు బండ్లకు ఇక లిథియం బ్యాటరీయే దారి, సీసం, ఆమ్లంతో నడిచే పాత లెడ్ యాసిడ్ బ్యాటరీకి కాలం చెల్లిందని నేను చదివిన ఒక వ్యాసంలో తేల్చేశారు. గోదాములో పదకొండేళ్లుగా ఈ బండ్ల బాగోగులు చూస్తున్నవాడిగా నాకది తొందరపాటు అనిపించింది. ఒకే షిఫ్టు నడిచే చోట లెడ్ యాసిడ్‌ను ఎందుకు వదులుకోవాలి? 8 గంటలు పని, 8 గంటలు ఛార్జింగ్, మిగతా సమయం చల్లారడానికి. రాత్రంతా బండి ఖాళీయే కదా! ధరా తక్కువ.

చాకిరీ ఉన్న మాట నిజమే. మా 48 వోల్టుల బ్యాటరీలో 24 సెల్లులు. ఒక్కో మూత తీసి డిస్టిల్డ్ వాటర్ పోయాలి, అదీ ఛార్జింగ్ పూర్తయ్యాకే. కొత్తగా చేరిన కుర్రాడు ఒకసారి ముందే నిండా పోశాడు. తెల్లారేసరికి ఆమ్లం పొంగి ట్రే అంతా తడి, సెల్లుల మధ్య తెల్లటి పొర. పైగా ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వెలువడుతుంది, గాలి ఆడే చోటు తప్పనిసరి.

రెండు మూడు షిఫ్టులైతే మాత్రం లిథియమే. టీ విరామంలో కూడా ఛార్జి పెట్టుకోవచ్చు, స్పేర్ బ్యాటరీ అక్కర్లేదు. అయితే లెడ్ బ్యాటరీ బరువే బండికి వెనకవైపు తూకమన్న సంగతి వ్యాసంలో లేదు. తేలికైన లిథియం పెడితే ఆ లోటును ఇనుప దిమ్మలతో పూడ్చాలి, లేదంటే సరుకు ఎత్తగానే బండి ముందుకు ఒరుగుతుంది. శీతల గిడ్డంగుల వారికి ఇంకొకటి: సున్నా డిగ్రీల దిగువన మామూలు లిథియం బ్యాటరీని ఛార్జి చేయకూడదు. హీటర్ ఉన్నదైనా కొనాలి, బయటికి తెచ్చైనా ఛార్జి చేయాలి. లిథియానికి కావలసిన కొత్త ఛార్జర్ ఖర్చు కొటేషన్‌లో కలిపారో లేదో కూడా అడగండి.