"గొర్రెల సినిమా" అన్నవాళ్లకూ, "నవలను చంపేశారు" అన్నవాళ్లకూ

'కొండపొలం' వచ్చి ఇన్నేళ్లయినా ఆ సినిమా పేరెత్తితే చాలు, అవే రెండు మాటలు. నవల చదివినవాళ్లేమో "బంగారం లాంటి నవలను చంపేశారు" అంటారు. చదవనివాళ్లేమో "సినిమా తీయమంటే గొర్రెల మీద డాక్యుమెంటరీ తీశారు" అంటారు. మొన్న మళ్లీ ఇదే గొడవ కళ్లబడింది. ఈసారి ఊరుకోలేక రాస్తున్నా. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. నవల రాసింది సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారు. కడప జిల్లా బాలరాజుపల్లె ఆయనది, బడిపంతులుగా పనిచేశారు. 2019లో ఈ నవలకు తానా (అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం) బహుమతి వచ్చింది. క్రిష్ దర్శకత్వంలో సినిమా 2021 అక్టోబర్ 8న దసరా ముందు విడుదలైంది. వైష్ణవ్ తేజ్, రకుల్ ప్రీత్, సాయిచంద్, కోట శ్రీనివాసరావు నటించారు, కీరవాణి సంగీతం. కొండపొలం అంటే ఏదో పొలం పేరు కాదు. కరువొచ్చి ఊళ్లో మేతా నీళ్లూ కరువైనప్పుడు గొర్లకాపరులు నలుగురైదుగురు కలిసి మందల్ని నల్లమలకు తోలుకుపోతారు. వాన పడిందన్న కబురు వచ్చేదాకా అడవిలోనే తిండి, అడవిలోనే పడక. అదేమీ మామూలు అడవి కాదు, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఉన్న అడవి.

ముందు "డాక్యుమెంటరీ" అన్నవాళ్ల సంగతి. వాళ్లు ఏం ఆశపడి థియేటర్‌కు వెళ్లారో నాకు అర్థమవుతుంది. అదే ఏడాది ఫిబ్రవరిలో 'ఉప్పెన' వచ్చింది. అందులో హీరో కూడా వైష్ణవ్ తేజే. ఆ కుర్రాడు ఒక్క సినిమాతో ఇంటింటికీ తెలిసిపోయాడు. జనం ఆ ప్రేమకథ హీరో కోసం టికెట్ కొనుక్కున్నారు. నిజానికి 'కొండపొలం' షూటింగ్ 'ఉప్పెన' విడుదలకు ముందే, 2020లో కరోనా రోజుల్లో వికారాబాద్ అడవుల్లో జరిగింది. అంటే ఇది ఆ హిట్టు చూసి వేసిన ఎత్తు కాదు. కానీ పోస్టర్ చూసి వచ్చేవాడికి ఆ లెక్కలెందుకు? ప్రేమకథ కోసం వచ్చినవాడికి గొర్రెలూ చెట్లూ కనబడితే విసుగొస్తుంది. అక్కడిదాకా ఎవర్నీ తప్పుపట్టను. "సాగదీశారు", "పులి గ్రాఫిక్స్ కుదరలేదు" అంటే అది సినిమా గురించిన మాటే, వింటాను. పులి కొన్నిచోట్ల నాకూ ఆనలేదు.

నన్ను బాధపెట్టింది ఇంకోటి. "గొర్లు కాసుకునేవాడి కథ మాకెందుకు" అన్న ఎకసెక్కం. ఆ రోజుల్లో వచ్చిన మీమ్స్ చూడండి, సగం వాటిలో నవ్వింది సినిమాను చూసి కాదు, ఆ పనిని చూసి. మన ఇళ్లలో పిల్లాడికి మార్కులు తగ్గితే మొదట వచ్చే తిట్టేంటి? "గొర్లు కాసుకోవడానికి కూడా పనికిరావు" అనే కదా. ఈ కథ నిలబడిందే ఆ తిట్టు మీద. కథానాయకుడు రవి కాపరి కొడుకు. చదువుకుని హైదరాబాద్ వెళ్లాడు, ఉద్యోగం దొరకలేదు. ఇంటర్వ్యూలో నలుగురి ముందు నోరు పెగలని భయం వాడిది. తిరిగొచ్చి తాత మాట విని నాన్న వెంట కొండపొలం వెళ్తాడు. పట్నంలో ఎన్నేళ్లున్నా పోని బెరుకు అక్కడ, మంద వెనకాల పోతుంది. చివరికి అదే అడవికి సంబంధించిన ఉద్యోగం సంపాదిస్తాడు. ఏ పనిని మనం తిట్టుగా వాడుకుంటున్నామో ఆ పనే వాణ్ని మనిషిని చేసిందని చెప్పే కథను చూసి, మళ్లీ అదే తిట్టుతో నవ్వితే ఎట్లా? రాయలసీమ పల్లెల్లో ఆ మందల మీద బతికిన కుటుంబాలు ఎన్ని ఉన్నాయో, వాళ్ల పిల్లలు ఆ మీమ్స్ చూసి ఏమనుకుని ఉంటారో ఒక్కసారి ఆలోచించండి.

ఇక నవలాభిమానులు. వీళ్లు నా వాళ్లు, అందుకే వీళ్లతోనే నాకు ఎక్కువ పేచీ.

తెలుగులో నవల సినిమా కావడం కొత్తేమీ కాదు. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది, ఆ ఏడాదే మొదలైన నంది అవార్డు దానికే వచ్చింది. ఆవిడదే 'ప్రేమనగర్' 1971లో వచ్చి రామానాయుడు గారి సంస్థను నిలబెట్టింది. 1976లో యద్దనపూడి 'సెక్రటరీ', 1983లో యండమూరి 'అభిలాష'. వారపత్రికలో సీరియల్‌గా వారం వారం చదివిన పాఠకులకు హీరో ఎట్లా ఉంటాడో ముందే ఒక రూపం ఉండేది. తెర మీద అది కనబడకపోతే అలిగేవాళ్లు, కనబడితే మళ్లీ వెళ్లి చూసేవాళ్లు. నవల బాగుందా సినిమా బాగుందా అన్న వాదన ఇళ్లల్లో భోజనాల దగ్గర నడిచేది. కానీ ఆ నవలల్లో చాలావాటికి సినిమాకు కావలసిన సరుకు లోపలే ఉంది. ప్రేమ ఉంది, అపార్థం ఉంది, హీరోకొక కారుంది.

'కొండపొలం' అట్లాంటి నవల కాదు. అందులో ఓబులమ్మ లేదు. రవి ప్రేమించే పిల్లగా రకుల్ వేసిన ఆ పాత్ర సినిమా కోసం కల్పించిందేనని దర్శకుడే చెప్పుకున్నాడు, దాచుకోలేదు. మనవాళ్ల కోపమంతా అక్కడే ఆగిపోయింది. "నవలలో లేని పిల్లను తెచ్చి పెట్టారు" అని. ఇది నాకు సరిపోయిన విమర్శ అనిపించదు. నవలలో లేనిది సినిమాలో ఉంటే తప్పేముంది? రాసేవాడికి మూడు వందల పేజీలుంటే, తీసేవాడికి రెండున్నర గంటలు. కొన్ని పోతాయి, కొన్ని వస్తాయి. వచ్చినదాన్ని లెక్కపెట్టేబదులు పోయినదేంటో చూడాలి.

పోయింది పని. నవల చదువుతుంటే పూట పూటా ఒకటే చింత. ఈరోజు మేత ఎక్కడుంది? నీళ్లు ఎంత దూరం? రాత్రి మందకు కాపలా ఎవరు? మన ఊపిరి ఆ చింతతోనే ఆడుతుంది. రవి భయం ఒక్క దెబ్బకు పోదు, ఆ చాకిరీలో కొంచెం కొంచెంగా అరుగుతుంది. సినిమాలో ఆ అరుగుదలకు చోటు చాల్లేదు. పాట వచ్చేసరికి గొర్రెలు తెర మీంచి మాయమవుతాయి. పాట అయ్యాక తిరిగొస్తాయి. ఆ కాసేపు వాటిని ఎవరు కాశారు?

ఈ ప్రశ్న నాది కాదు, మా చిన్నాయనది. పోరుమామిళ్ల పక్కన పల్లె, వయసులో ఉన్నప్పుడు మంద తోలినవాడు. సినిమా ఓటీటీలోకి వచ్చాక పండక్కి ఊరెళ్లినప్పుడు టీవీలో పెట్టి చూపించా. మంద కొండెక్కే చోట కుర్చీలోంచి ముందుకు జరిగి కూచున్నాడు. "ఆ ముందర పోయే పొట్టేలును సూడు, అది నిలబడితే ఎనకాలవన్నీ నిలబడిపోతాయి" అని నాకు చెప్పడం మొదలుపెట్టాడు. రవి నాన్న వేషం వేసిన సాయిచంద్‌ను చూసి "ఈయప్ప ఎవురుగానీ కట్టె పట్టుకునేది తెలిసినోడే" అన్నాడు. పాట మొదలైంది. రిమోట్ నా చేతిలోనే ఉంది, అయినా ముందుకు జరపమనలేదు. "ఏం నాయనా, ఈళ్లిద్దరూ ఈడ పాడుకుంటాంటే గొర్ల కాడ ఎవరుండారు?" అని మాత్రం అడిగాడు. పులి వచ్చిన సీన్లో నోరెత్తలేదు. నేను గ్రాఫిక్స్ గురించి గొణుగుతుంటే చేత్తో ఊరుకోమన్నాడు. నవల చదవలేదు ఆయన, రివ్యూలూ చదవలేదు. నేను విన్నవాటిలో ఈ సినిమా మీద సరైన విమర్శ అదొక్కటే.

ఇంకొక సంగతి ఈ రెండు వైపులవాళ్లూ పట్టించుకోలేదు. 2016లో 'అ ఆ' సినిమా వచ్చినప్పుడు ఇది యద్దనపూడి 'మీనా' కదా అని పాఠకులే గుర్తుపట్టి అడగాల్సి వచ్చింది. అడిగాక గానీ ఆవిడ పేరు టైటిల్స్‌లోకి రాలేదు. ఇక్కడ అట్లా జరగలేదు. నవల పేరే సినిమా పేరు. రచయిత ఎవరో మొదటినుంచీ చెప్పారు. కడప జిల్లా పల్లెటూరి రచయిత నవల హక్కులు కొని, అదే పేరుతో, ఒక పెద్ద కుటుంబం హీరోను పెట్టి దసరా బరిలోకి దిగారు. వసూళ్లు రాలేదు, నిజమే. మనమంతా కలిసి చెరోవైపు నుంచి కొట్టి వదిలేశాం. ఈ ఫలితం చూశాక ఇంకో రాయలసీమ నవల పట్టుకుని నిర్మాత దగ్గరికి వెళ్లే దర్శకుడికి ఏం జవాబొస్తుందో ఊహించుకోండి. "అప్పుడు 'కొండపొలం' ఏమైందో చూశావు కదా" అంటారు. నాకున్న అసలు దిగులు ఇదే.

కాబట్టి నవల ప్రేమికులారా, ఓబులమ్మను తీసేయమని అడగొద్దు. ఆమె కూడా కాపరి పిల్లే కదా. అడవంటే భయం లేదు ఆమెకు, రవికంటే ధీమాగా ఉంటుంది. నవలలో లేకపోయినా నవలకు తగ్గ మనిషే. ఆమె చేతికి కట్టె ఇచ్చి, ఒక రాత్రి కాపలా వంతు ఆమెకిచ్చి, పులి అలికిడికి మంద బెదిరినప్పుడు గొర్రెల్ని ఎట్లా దగ్గర చేర్చాలో రవికి ఆమెతోనే నేర్పించి ఉంటే, ఆ ప్రేమ కూడా కొండపొలంలో భాగమయ్యేది. ఆ పాట ఉన్న జాగాలో ఆ రాత్రి ఎందుకు లేదని దర్శకుణ్ని అడుగుదాం, నేనూ మీతో కలిసి అడుగుతా.