మీనాకి మాత్రం చెప్పకండి

బ్రామ్ స్టోకర్ 1897లో అచ్చేయించిన ‘డ్రాకులా’ని నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి ఇంటర్ సెలవుల్లో, దుప్పటి ముసుగేసుకుని. రెండోసారి ఈమధ్యే, కళ్ళజోడు పెట్టుకుని. ఈసారి ఆ రక్తం తాగే డ్రాకులా దొరవారంటే పెద్దగా భయం వెయ్యలేదు. ఆయన్ని పట్టుకోడానికి బయల్దేరిన పెద్దమనుషుల్ని చూస్తేనే గుండె దడదడలాడింది.

ముందు దొరవారి సంగతి. ఆయన లండన్‌లో ఇల్లు కొంటున్నారు. ఆ పత్రాల పని మీద జొనాథన్ హార్కర్ అనే కుర్ర ప్లీడరు ట్రాన్సిల్వేనియా కోటకి వస్తాడు. అర్ధరాత్రి చేరినా బల్ల మీద కాల్చిన కోడి, చీజు, సలాడు, పాత వైను సీసా సిద్ధంగా ఉంటాయి. ‘నా భోజనం అయిపోయిందండీ, మీరు కానివ్వండి’ అంటారు దొరవారు. రోజులు గడుస్తున్నా కోటలో ఒక్క నౌకరు కూడా కనిపించడు. చివరికి ఒకరోజు హార్కర్ తన గదిలోకి వెళ్ళి చూస్తాడు గదా, సాక్షాత్తూ దొరవారే అతని పక్క సర్దుతున్నారు.

ఇక్కడ పుస్తకం మూసేసి కాసేపు అలా కూర్చుండిపోయాను. టర్కీ సేనల్ని తరిమిన వంశం మాదని రాత్రంతా కూర్చోబెట్టి గొప్పలు చెప్పిన మనిషి. అలాంటాయన దుప్పటి దులిపి, నాలుగు మూలలూ లాగి, దిండు సరిచేస్తున్నారు! తరవాత వెళ్ళి పళ్ళేలు పెడుతున్నారు. మరి ఆ కోడిని పట్టుకొచ్చిందెవరు? ఈకలు పీకిందెవరు? ఉప్పు సరిపోయిందో లేదో ఎవరు చూశారు? ఆయన ఒక్క ముక్క నోట్లో వేసుకునే వీల్లేదాయె. అయినా ప్లీడరుగారు వంక పెట్టలేదంటే అది చెయ్యి తిరిగిన వంటే. రాత్రి గుర్రబ్బండి తోలుకొచ్చిందీ ఆయనే. అంట్లు ఎవరు తోమారో స్టోకర్ రాయలేదు గానీ, మనకి తెలీదా? తోమి, బోర్లించి, చేతులు తుడుచుకుని, కిటికీలోంచి తలకిందులుగా బల్లిలా గోడ మీద పాక్కుంటూ డ్యూటీకి దిగిపోయి ఉంటారు. (మనవాళ్ళయితే ఆ గోడ కింద నిలబడి పంచాంగంలో బల్లిపాటు ఫలితం వెతుక్కునేవాళ్ళు.)

నాకు కనిపించినంతలో ఈ నవల మొత్తంలో ఇంటిపని చేసిన మగవాడు ఆయనొక్కడే. 27 అధ్యాయాల్లో 4 అయ్యేసరికి రచయిత ఆయన్ని తెర వెనక్కి తోసేశాడు.

అన్యాయంగా మాట్లాడకూడదు. స్టోకర్ ట్రాన్సిల్వేనియా గడప తొక్కకుండానే, ఊళ్ళవాళ్ళు శిలువ గుర్తులు వేసుకుంటుంటే ఆ కొండదారిలో బండి వెళ్ళడం మన కళ్ళకి కట్టించాడు. నావికులు ఒక్కొక్కరే మాయమైపోతుంటే ఓడ కెప్టెన్ తన చేతుల్ని చుక్కాని చక్రానికి కట్టేసుకునే ఘట్టం చదివితే ఇప్పటికీ లేచి వంటింట్లో లైటు వేసి వస్తాను. నా గొడవంతా ఆ ఓడ ఇంగ్లండు ఒడ్డుకి కొట్టుకొచ్చాక మొదలయ్యేదాంతోనే.

అక్కడ వాన్ హెల్సింగ్ అనే మహా పండితుడు, పిచ్చాసుపత్రి నడిపే డాక్టరు సీవర్డ్, జమీందారు బిడ్డ ఆర్థర్, టెక్సాస్ షోకిలా మోరిస్ కలుస్తారు. వీళ్ళకి క్షుణ్ణంగా తెలిసిన శాస్త్రం ఒక్కటే, ఆడవాళ్ళకి చెప్పకపోవడం. లూసీ అనే పిల్లని దొరవారు రాత్రిళ్ళు పీల్చేస్తుంటే నలుగురూ వంతులవారీగా రక్తం ఎక్కించారు. (రక్తంలో గ్రూపులున్నాయని లాండ్‌స్టీనర్ అనే శాస్త్రవేత్త బయటపెట్టింది 1901లో కాబట్టి అక్కడ వదిలేద్దాం.) పండితుడు హాలండులోని హార్లెం నుంచి వెల్లుల్లి పూలు తెప్పించి గదంతా కట్టాడు. ఎందుకో లూసీ తల్లికి చెప్పలేదు. ఆవిడది బలహీనమైన గుండె, తట్టుకోలేదట! ఆవిడ రాత్రి వచ్చి చూసింది. గదంతా వాసన. ఏ తల్లయినా చేసే పనే చేసింది. పూలు తీసేసి కిటికీ కాస్త తెరిచింది. పొద్దున్నే ఆ సంగతి డాక్టర్లకి సంతోషంగా చెప్పింది కూడా. ఆ తరవాత ఒక రాత్రి లూసీకి కాపలా ఉండమని పండితుడు సీవర్డ్‌కి తంతి కొట్టాడు. దాని మీద జిల్లా పేరు లేదు. 22 గంటలు ఆలస్యంగా అందింది. లూసీ దక్కలేదు.

దీన్నుంచి మేధావులు ఏం నేర్చుకున్నారు?

ఇప్పుడు మీనా. విల్హెల్మినాకి ముద్దుపేరు, మన పక్కింటి పిల్లనుకున్నా తప్పులేదు. కోటలోంచి ఎలాగో బయటపడ్డ హార్కర్‌కి భార్య. షార్ట్‌హ్యాండ్ వచ్చు, టైపు వచ్చు, రైళ్ళ టైములు నోటికి వచ్చు. అందరి డైరీలూ తేదీలవారీగా పేర్చి, మూడేసి కాపీలు టైపు కొట్టి ముందు పెట్టింది. దొరవారి కథ మొత్తం వీళ్ళకి అర్థమైందే అప్పుడు. పండితుడు పొంగిపోయి ‘ఈమెది మగవాడి బుర్ర’ అన్నాడు, అదేదో బిరుదన్నట్టు. అని, ఆ రాత్రే తీర్మానం చేశాడు. ఇక ఈమెకి ఏమీ చెప్పకూడదు, సుకుమారి, తట్టుకోలేదు. నువ్వు పడుకోమ్మా అన్నారు. ఎక్కడ పడుకోమన్నారు? సీవర్డ్ పిచ్చాసుపత్రిలో. దాని పక్కిల్లే దొరవారు కొన్న ఇల్లు! పడుకోబెట్టి, హార్కర్‌తో కలిపి అయిదుగురూ కట్టగట్టుకుని ఆ ఇంటికే వెళ్ళారు, దొరవారు పడుకునే మట్టి పెట్టెలు లెక్కపెట్టడానికి. ఆయన ఇటు వచ్చాడు.

తిరిగొచ్చాక మొగుడు చూశాడు. మీనా పాలిపోయి ఉంది. అలసటేమో అనుకున్నాడు. మర్నాడు రెండుమూడుసార్లు పిలిస్తే గానీ లేవలేదు. అలసటే! పాలిపోయి పాలిపోయి చచ్చి, దొరవారిలాగే రక్తపిశాచిగా లేచిన లూసీ గుండెలో మేకు దిగ్గొట్టి వచ్చి రెండు రోజులే అయింది వీళ్ళకి.

నవ్వుతూ రాద్దామనే కూర్చున్నాను. నావల్ల కావట్లేదు. మా అమ్మ బయాప్సీ రిపోర్టు 11 రోజులు మా మామయ్య చొక్కా జేబులో ఉంది. ‘అక్కకి చెప్పకండి, బెంబేలు పడుతుంది.’ మేడ మీద మీటింగులు పెట్టుకున్నారు. బాబాయికి తెలుసు, అద్దెకున్నవాళ్ళకి తెలుసు, పాలు పోసే ఆయనకీ తెలుసు. రొమ్ము ఎవరిదో ఆవిడకి తప్ప. ఆ 11 రోజులూ ఆ మీటింగులకి కాఫీలు కలిపి పైకి పంపింది ఆవిడే. ఎవర్ని కాపాడారయ్యా మీరు? ఆవిడ ఏడిస్తే చూడలేని మీ పిరికితనాన్ని కాపాడుకున్నారు. దానికి ప్రేమని పేరు పెట్టకండి.

సరే, నవలలోకి వద్దాం. ఈ కథలో మీనాకి జరుగుతున్నది మొహం మీద చెప్పిన మగవాడు ఒక్కడే ఉన్నాడు, డ్రాకులా. మెడ మీద పళ్ళు దించిన దుర్మార్గుడే, కాదనను. కానీ మీవాళ్ళు నా మీద ఎత్తులు వేస్తున్నారు, నేను పైఎత్తు వేస్తున్నాను, ఇకమీదట నువ్వు నా పిలుపుకి రావాల్సిందేనని పూర్తి వివరంగా చెప్పాడు. ఆ రాత్రే సీవర్డ్ గదిలో ఉన్న రాతప్రతులూ, అతను గొంతు రికార్డు చేసిన మైనం సిలిండర్లూ మంటల్లో పడేశాడు. కథ ఎలా మిగిలింది మరి? మీనా కొట్టిన టైపు కాపీ ఒకటి ఇనప్పెట్టెలో ఉంది కాబట్టి. తరవాత దొరవారు ఏ నది మీద పారిపోతున్నారో కాగితం మీద తేల్చి ఇచ్చిందీ మీనాయే. వీళ్ళు వెళ్ళి కత్తులు దూశారు.

ఏడేళ్ళ తరవాత హార్కర్ ఆఖరిమాట రాశాడు. కొడుక్కి జట్టులోని మగవాళ్ళందరి పేర్లూ కలిపి పెట్టారట. తీరిగ్గా కాగితాలు తీసి చూస్తే అసలు పత్రమంటూ ఇంచుమించు ఒక్కటీ లేదట, ఉన్నదంతా ఉత్త టైపు కట్టేనట. దాన్ని రుజువుగా ఒప్పుకోమని ఎవర్నీ అడగలేమట.

ఎవరు టైపు కొట్టారో అక్కడ రాయలేదు.