ముంపు రాకముందే పుస్తకాన్ని మేడెక్కించాలి

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు జనం ముందుగా పిల్లల్ని, పెద్దవాళ్లను మేడెక్కించారు. అది న్యాయమే. నీరు తీశాక బురదలోంచి బయటపడ్డవాటిలో పాఠ్యపుస్తకాలు, సర్టిఫికెట్లు, పెళ్లి ఆల్బమ్‌లు ఉన్నాయి. ఒక ఇంటికే ఇంత నష్టమైతే, నూరేళ్ల పత్రికలు, తాళపత్రాలు దాచుకున్న గ్రంథాలయంలోకి నీరొస్తే పోయేదెంత? ఆ రోజు ఎవరు ఏం చేయాలో మన గ్రంథాలయాల్లో ఎన్నింటికి తెలుసు?

తడిసిన పుస్తకం మనకు ఎక్కువ గడువివ్వదు. కాగితం నీళ్లు తాగి ఉబ్బుతుంది. బీరువాలో బిగించి పేర్చి ఉంటే ఆ ఒత్తిడికి అట్టలు ఊడిపోతాయి. మన ఉక్కపోతకు రెండు రోజుల్లో బూజు పడుతుంది. నున్నటి ఆర్ట్ పేపర్ అయితే ఆరేకొద్దీ పేజీలు అతుక్కుపోయి ఇటుకలా తయారవుతుంది. తాటాకును కంగారులో ఎర్రటి ఎండలో పరిస్తే వంకర తిరిగి చిట్లిపోతుంది, దాన్ని నీడపట్టున గాలికి ఆరనివ్వాలి. ఇవన్నీ తెలిసిన మనిషి ఆ 48 గంటల్లో అక్కడుండాలి. ఆయన ఫోన్ నంబరు, ముందు బయటికి తేవాల్సిన సంపుటాల జాబితా, వాటిని చేర్చే ఎత్తైన చోటు, తీసుకెళ్లే బండి, అన్నీ ముందే ఖాయమై ఉండాలి. విపత్తు ప్లాను అంటే ఇదే.

రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం 1898 నాటిది. 1986లో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారిన గోదావరి ఆ ఊరి నదే. 1918లో పుట్టి, గాంధీజీ శంకుస్థాపన చేసిన భవనంలో నడుస్తున్న వేటపాలెం సారస్వత నికేతనం ఉన్నది తుపాన్ల తీరంలో. హైదరాబాద్‌లో మూసీకి ఒక గట్టున అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయం, రెండో గట్టున సాలార్‌జంగ్ మ్యూజియం. 1908 వరద తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకుని నిశ్చింతగా ఉన్నాం. 2025 సెప్టెంబరులో మూసీ నీరు ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చేసింది. ఆ బస్టాండుకు కేంద్ర గ్రంథాలయం ఎంత దూరమో నగరవాసులకు చెప్పక్కర్లేదు.

2014లో శ్రీనగర్ వరద అక్కడి ఎస్పీఎస్ (శ్రీ ప్రతాప్ సింగ్) మ్యూజియంలోకి చొరబడింది. 1966లో ఫ్లోరెన్స్ జాతీయ గ్రంథాలయం మునిగినప్పుడు యువకులు వరుసగా నిలబడి బురద పుస్తకాలను చేతులు మార్చుకుంటూ పైకి తెచ్చారు. వాటిని ఆరబెట్టడానికి పొగాకు ఆరబెట్టే బ్యారన్లను కూడా వాడుకున్నారు. ఇప్పుడు అంతకంటే మంచి పద్ధతి ఉంది. తడిసిన పుస్తకాన్ని మైనస్ 18 డిగ్రీల చలిలో పెడితే బూజు ఆగుతుంది, తీరిగ్గా ఆరబెట్టుకునే వ్యవధి దొరుకుతుంది. అంత చలి గదులు మన భీమవరం, కాకినాడ రొయ్యల ప్లాంట్లలోనే ఉన్నాయి. కానీ వరద రోజున వెళ్లి తలుపు తడితే ఎవరు తీస్తారు? ఇప్పుడే ఒప్పందం రాసుకోవాలి.

దీనికి కావాల్సింది పెద్ద డబ్బు కాదు, వేరుగా తీసిపెట్టిన డబ్బు. అమెరికాలో మానవీయ శాస్త్రాల జాతీయ సంస్థ సరిగ్గా ఇందుకోసమే ఒక గ్రాంటు పెట్టింది. వాతావరణ ముప్పును అంచనా వేసుకుని ప్లాను రాసుకునే మ్యూజియాలు, గ్రంథాలయాలు సొంతంగా ఎంత సమకూర్చుకుంటే అంత జతచేసేది. 2025లో అక్కడి ప్రభుత్వం ఆ సంస్థ గ్రాంట్లను పెద్ద ఎత్తున రద్దు చేసింది. ఒకే చేతిమీద ఆధారపడితే ఏమవుతుందో దాన్ని చూసి నేర్చుకోవచ్చు.

మనకు దారులు లేక కాదు. మ్యూజియాల విపత్తు ప్రణాళికలపై జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లోనే మార్గదర్శకాలిచ్చింది. 15వ ఆర్థిక సంఘం 2021-26కు రాష్ట్రాల విపత్తు నిధిగా 1,60,153 కోట్లు లెక్కగట్టి, అందులో 20 శాతం ముప్పు తగ్గించే పనులకే కేటాయించమంది. కట్టలు, కాలువలతోపాటు గ్రంథాలయం, మ్యూజియం కూడా ఆ పద్దులో ఉండాలని మేం కోరుతున్నాం. ఇక ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మనందరం గ్రంథాలయ సెస్ కడుతున్నాం. అది జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరడం లేదన్న ఫిర్యాదు ఏళ్లనాటిది. ఆ బకాయిలు జమచేసి, కొంత భాగాన్ని ప్లాన్లకు, సిబ్బంది శిక్షణకు కచ్చితంగా ఖర్చుపెట్టాలి. జ్ఞానభారతం మిషన్ కింద కోటికి పైగా రాతప్రతులను నమోదుచేసి కాపాడతామని కేంద్రం 2025 బడ్జెట్లో చెప్పింది. సంతోషం. కంప్యూటర్లోకి ఎక్కించినంత మాత్రాన అసలు ప్రతిని నీటికి వదిలేయలేం కదా. ఆ పనిలోనే ముంపు జాగ్రత్తను కూడా కలపాలి.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వే అలవాటు మనకు కొత్తకాదు. నష్టపరిహారం ఫైలు కదిలేలోపు కాగితం కుళ్లిపోతుంది. ఊరికి ఒక్కటే ప్రతి ఉన్న పుస్తకానికి పరిహారం ఎక్కడ దొరుకుతుంది?

గ్రంథపాలకులకు ఒక మనవి. రేపు తలుపు తీయగానే అన్నిటికంటే కింది అరలో ఏమున్నాయో చూడండి. పాత సంపుటాలుంటే పైకి మార్చండి. దానికి ఏ గ్రాంటూ అక్కర్లేదు. మిగతా పనులకు ఎంత కావాలో లెక్కకట్టి కలెక్టరుకు రాయండి.