ఇంటిపెద్ద లేని పాటలు

పాటంటే చెవికి సంబంధించిన సంగతని ఇన్నాళ్లూ అపోహ పడ్డాను. కాదు, పాటంటే కాగితాలు. కడపలో మా ఇంటి మెట్ల కింద పాత కంప్యూటర్‌ని పాటల సర్వర్‌గా మార్చి, నాన్న క్యాసెట్లూ సీడీలూ మొత్తం అందులోకి ఎక్కించిన రోజున నాకీ జ్ఞానోదయం కలిగింది.

మొదట అది ‘పాటలు: 0’ అంది. ఫోల్డర్ నిండా పాటలే, నాకు కనిపిస్తున్నాయి, దానికి కనిపించవు. తప్పు నాదేలెండి. ఫైళ్లు కాపీ చేసింది రూట్ యూజర్ (అంటే కంప్యూటర్‌లో సర్వాధికారి), సర్వర్ నడిచేది ఇంకో యూజర్ పేరు మీద, దానికేమో చదివే పర్మిషన్ లేదు. తాళం వేసిన ఇంటి ముందు నిలబడి ‘ఎవరూ నివసించుట లేదు’ అని రాసుకుపోయే రకం ఇది. ఫైళ్ల ఓనర్‌ని మార్చి, మళ్లీ స్కాన్ (ఫోల్డర్ మొత్తం చదివించడం) చేయించాక గానీ పాటలు లోపలికి రాలేదు.

వచ్చాక అసలు కథ మొదలైంది. 12 పాటల సీడీ ఒకటి ఐదు ఆల్బమ్‌లుగా విడిపోయింది. ఘంటసాల ఒక్కరే పాడినవి ఒక కాపురం, సుశీలతో కలిసి పాడినవి వేరు కాపురం, లీలతో పాడింది ఇంకోటి. ఎందుకంటే పాట ఫైలుకి అంటించే వివరాల చీటీలో, అంటే ట్యాగ్‌లో, ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ అనే గడి ఖాళీగా ఉంది. అది రేషన్ కార్డులో ఇంటిపెద్ద గడి లాంటిదన్నమాట. అక్కడ పేరు లేకపోతే ఒక్కో పాటా పాడినవాళ్లనే పెద్దగా చూపించుకుని వేరు కార్డు తీసుకుంటుంది. పాడింది ఎవరైనా ఆ గడిలో మాత్రం 12 పాటలకీ ఒకటే పేరుండాలి, అంతే సూత్రం. ఇంత న్యాయమైన పద్ధతిని నేను రెండు రాత్రులు తిట్టుకున్నాను, సిగ్గుచేటు.

తర్వాత స్పెల్లింగ్. ఇంగ్లీషులో హెచ్ ఉన్న ఘంటసాల, లేని ఘంటసాల, చివర ‘శాల’ అయిపోయిన ఘంటసాల: సర్వర్ లెక్కలో ముగ్గురు మనుషులు. దాన్నెందుకు అనాలి, మా ఊరే 2005 దాకా ఇంగ్లీషులో రెండు డీలతో, చివర ఒక హెచ్‌తో తిరిగింది. ఆ ఏడాది ప్రభుత్వం ట్యాగ్ సరిచేసింది గానీ కడప బండలమ్మేవాళ్లు ఇంకా రీస్కాన్ చేసుకోలేదు, పాత స్పెల్లింగ్‌తోనే అమ్ముతున్నారు.

ఎంపీ3 పాటల ట్యాగ్‌ని ఐడీ3 అంటారు, దాని తొలి రూపం గురించి కూడా చెప్పాలి. పాట ఫైలు చివర 128 బైట్ల చీటీ అంటిస్తారు, అందులో గాయకుల పేరుకి 30 అక్షరాలు. ఇంగ్లీషులో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అని పూర్తిగా రాసి కామా పెట్టి పక్కన పి. సుశీల పేరు మొదలుపెడితే, అది పూర్తయ్యేలోపే స్థలం అయిపోతుంది. తెలుగులో రాద్దామంటే అన్ని లిపులకీ చోటిచ్చే యూనికోడే అందులో లేదు, ప్రశ్నార్థకాలొస్తాయి. తర్వాతి రూపాల్లో ఈ బాధ తీరింది, మా ఫైళ్లకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, పాట వేలిముద్ర, అంటే దాని ధ్వని ఆనవాలు తీసి, ఒక డేటాబేస్‌తో పోల్చి ఎవరిదో చెబుతుంది. కొత్త పాటలకు బాగానే చెప్పింది. నాన్న క్యాసెట్లు మాత్రం సాగి సాగి స్పీడు మారిపోయినవి, పైగా వాటి వివరాలు ఆ డేటాబేస్‌లో ఎవరైనా ఎక్కించి ఉంటే కదా. పింఛన్ల దగ్గర ముసలివాళ్లకి పడనట్టే వీటికీ వేలిముద్ర పడలేదు. చేత్తోనే రాశాను, ఒక్కొక్కటీ, ఆదివారం మొత్తం, ఎండకి సర్వర్ ఫ్యాను రొద పెడుతుంటే.

సాయంత్రానికి ముగ్గురు ఘంటసాలలూ ఒక్కరయ్యారు. గర్వంగా నాన్నకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఏమ్రా, ఘంటసాల అనేది ఆయప్ప ఇంటిపేరు గదా. వెంకటేశ్వరరావు యాడబోయినాడు?”

ఇప్పుడు మళ్లీ స్కాన్ నడుస్తోంది. 38 శాతం.