సవరణ: కాల్విన్ వలయం నుంచి నేరుగా వచ్చేది గ్లూకోజ్ కాదు

కిరణజన్య సంయోగక్రియపై ముందు రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మార్చే చర్యల వరుస, అంటే కాల్విన్ వలయం, నేరుగా గ్లూకోజ్‌నిస్తుందన్నాం. నిజానికి బయటికొచ్చేది మూడు కార్బన్ల చక్కెర ఫాస్ఫేట్, జీ3పీ. 3 కార్బన్ డయాక్సైడ్ అణువులు, కాంతి సాయంతో తయారయ్యే శక్తివాహకాలు 9 ఏటీపీ, 6 ఎన్ఏడీపీహెచ్ ఖర్చయితే 6 జీ3పీలు వస్తాయి; అందులో 5, కార్బన్ డయాక్సైడ్‌ను స్వీకరించే ఆర్‌యూబీపీ అనే అణువును తిరిగి తయారుచేయడానికే పోతాయి. మిగిలేది ఒక్కటే! అలా మిగిలినవి హరితరేణువులోనే ఉండిపోతే పిండిపదార్థంగా, కణద్రవ్యంలోకి చేరితే సుక్రోజ్‌గా మారతాయి. చాలా మొక్కల్లో ఆకుల నుంచి వేర్లకు వెళ్లేది సుక్రోజే.

రెండోది, ‘నిష్కాంతి చర్య’ (కాల్విన్ వలయానికే మరో పేరు) రాత్రిపూట జరుగుతుందని రాయడం. ఆ పేరే తప్పుదోవ పట్టిస్తుంది. చీకటి పడితే ఏటీపీ, ఎన్ఏడీపీహెచ్ సరఫరా ఆగుతుంది. హరితరేణువు లోపలి ద్రవమైన స్ట్రోమాలో పీహెచ్ సుమారు 8 నుంచి 7కు దిగి, కార్బన్ డయాక్సైడ్‌ను ఆర్‌యూబీపీకి కలిపే ఎంజైమ్ రుబిస్కో మందగిస్తుంది. వలయం కొద్ది నిమిషాల్లోనే నిలిచిపోతుంది.