గుర్రాల గ్రాస్ జీతం

అరవైల నాటి అమెరికన్ కార్ల మీద కలం పట్టిన ప్రతి భక్తుడూ ముందు ఒక అంకెకు కొబ్బరికాయ కొడతాడు. "1964 పాంటియాక్ జీటీవో, 325 హార్స్‌పవర్! ఇప్పటి డబ్బా కార్లకు ఈ దమ్ముందా?" లేదు స్వామీ. ఆ మాటకొస్తే ఆ కారుకూ లేదు.

పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతమెంతంటే గ్రాసే చెబుతారు. పీఎఫ్, పన్ను, ఈఎంఐలు మూడుముళ్లు పడ్డాక బయటికొస్తాయి. అమెరికా కార్ల రాజధాని డెట్రాయిట్‌దీ అదే మర్యాద. ఇంజన్ను ఒంటరిగా శక్తిని కొలిచే డైనమోమీటర్ మీద కూర్చోబెట్టేవారు. ఫ్యాన్ శక్తి తింటుంది, పీకెయ్. ఆల్టర్నేటర్ ఇప్పుడెవరికి కావాలి? ఎయిర్ క్లీనర్ దేనికి, గదిలో దుమ్ము లేదుగా! సైలెన్సర్ అడ్డం, పొగను నేరుగా బయటికి వదిలెయ్. టైమింగ్, పెట్రోలు మిశ్రమం ఈ ఒక్క పూటకు బాగా కుదిరేలా సర్దెయ్. వరుడు సిద్ధం, అంకె బ్రోషర్‌కెక్కించండి. 1972లో ఇవన్నీ బిగించి కొలిచే నెట్ లెక్క వచ్చేసరికి, అంతకుముందు ఏడాది 335 హార్స్‌పవర్ అన్న పాంటియాక్ 455 హెచ్‌వో ఇంజన్ 300కి దిగింది. ఇంజన్‌కు జబ్బు చేసి కాదు, పేస్లిప్ బయటపడి.

అవసరాన్ని బట్టి ఇన్‌కంటాక్స్ రిటర్న్‌లా తక్కువ చూపడమూ తెలుసు. ఫోర్డ్ టొరినోలో వచ్చిన 428 కోబ్రా జెట్ ఇంజన్‌ను 335 అన్నారు. ఇన్సూరెన్స్ వాళ్లు ఉలిక్కిపడకూడదు, డ్రాగ్ రేసులో సులువైన క్లాసు దొరకాలి.

ఇక కంపెనీ శాసనాలు. మధ్యసైజు కారులో 330 క్యూబిక్ అంగుళాల పరిమాణానికి మించిన ఇంజన్ పెట్టరాదన్నది పాంటియాక్, బ్యూయిక్‌ల యజమాని జనరల్ మోటార్స్ కట్టడి. పాంటియాక్ చీఫ్ ఇంజనీర్ డెలోరియన్ బృందం జీటీవోలో 389ని పెట్టి, ఇది మోడల్ కాదు, మన మధ్యసైజు కారు టెంపెస్ట్ లెమాన్స్‌కు 295 డాలర్ల ఆప్షన్ మాత్రమే అంది. ఆప్షన్లకు శాసనం వర్తించదట! తొలి ఏడాదే 32,450 అమ్ముడుపోయేసరికి పెద్దల నియమనిష్ఠలు 400 దాకా సడలాయి. బ్యూయిక్ దగ్గరున్నదేమో 401. సిలిండర్ వెడల్పు (బోర్) తగ్గించారా, పిస్టన్ కదిలే దూరం (స్ట్రోక్) తగ్గించారా? అబ్బే. 1965 గ్రాన్ స్పోర్ట్ కాగితాల్లో 400 అని రాసుకున్నారు. ఒక అంగుళాన్ని కలంతోనే చెక్కేసిన ఇంజనీరింగ్ అది.

భక్తులు రాయనిది బ్రేకుల సంగతి. ఆరు సిలిండర్ల బుద్ధిమంతుడు టెంపెస్ట్‌కు వేసిన 9.5 అంగుళాల డ్రమ్ములే 389కీ వేశారు. మంచి వేగంలో రెండుసార్లు గట్టిగా తొక్కితే డ్రమ్ము వేడెక్కి, వ్యాకోచించి షూకు ఎడమవుతుంది. కాలిన లైనింగ్ పట్టు వదులుతుంది. పెడల్ కిందికి దిగుతుంది, కారు మాత్రం పోతూనే ఉంటుంది. పెడల్ తొక్కితే బ్రేకు ద్రవాన్ని చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్‌లో ఒకటే గది. ఎక్కడో ఒక హోస్ చిరిగిందంటే నాలుగు చక్రాలకూ బ్రేకు పోయినట్టే. తెలియక చేశారని చెప్పకండి, ఒళ్లు మండుతుంది. అదే జనరల్ మోటార్స్ 1962లోనే తన ఖరీదైన కారు కాడిలాక్‌కు రెండు గదుల సిలిండర్ పెట్టింది. షావుకారు ప్రాణానికి రెండు గదులు, వాయిదాల్లో జీటీవో కొన్న కుర్రాడి ప్రాణానికి ఒకటి! 1966లో అమెరికా రోడ్ల మీద 50 వేలమందికి పైగా చచ్చారు. ఆ అంకెను ఏ బ్రోషర్లోనూ అచ్చెయ్యలేదు.

జీటీవోకు 1967లో రెండో గది వచ్చింది. ముందు చక్రాలకు డిస్కులూ వచ్చాయి, అదనంగా డబ్బు కడితేనే. ఆ ఏడే ఆప్షన్ల పట్టీలో కొత్తగా చేరిన ఇంకో వస్తువు, బానెట్ మీద బిగించే టాకోమీటర్, అంటే ఇంజన్ నిమిషానికెన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటరు.