సవరణ: 64 జీబీ పెన్‌డ్రైవ్‌కి కూడా ఫ్యాట్32 పెట్టుకోవచ్చు

పెన్‌డ్రైవ్ ఫార్మాటింగ్ గురించి నేను ఇంతకుముందు పెట్టిన పోస్టులో "32 జీబీ దాటితే ఫ్యాట్32 కుదరదు, ఎక్స్‌ఫ్యాట్ ఒక్కటే దారి" అని ఉంది (ఈ రెండూ డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతులు, అంటే ఫైల్ సిస్టమ్‌లు). ఆ వాక్యం తీసేశాను. 32 జీబీ అన్నది ఫ్యాట్32 హద్దు కాదు, విండోస్ ఫార్మాట్ డైలాగ్ ఏళ్ల తరబడి పెట్టుకున్న హద్దు. మామూలు 512 బైట్ల సెక్టర్లతో (డ్రైవ్‌ని విడగొట్టే చిన్న ముక్కలు) ఫ్యాట్32 దాదాపు 2 టీబీ దాకా వెళ్తుంది.

లినక్స్‌లో డాస్‌ఎఫ్ఎస్‌టూల్స్ ప్యాకేజీలోని ఎంకేఎఫ్ఎస్ డాట్ ఫ్యాట్ (mkfs.fat) అనే కమాండ్ డ్రైవ్‌ని ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిపెడుతుంది. ఆప్షన్‌లో ఎఫ్ పెద్దక్షరమే ఉండాలి, పక్కన 32 (-F 32). చిన్న ఎఫ్‌కి అర్థం వేరు, అది ఫ్యాట్ పట్టికలు (ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే జాబితాలు) ఎన్ని అని చెప్పేది. ముందు డ్రైవ్‌ల జాబితా చూపించే ఎల్ఎస్‌బీఎల్‌కే (lsblk) కమాండ్ కొట్టి సైజు చూసి డ్రైవ్ పేరు ఖాయం చేసుకోండి, అన్‌మౌంట్ చేయండి. పెన్‌డ్రైవ్ పేరు ఎస్‌డీబీ (sdb) అయితే, దాని బదులు ఎస్‌డీఏ (sda) కొట్టారంటే చాలా సిస్టమ్‌లలో అది మీ హార్డ్‌డిస్కే, ఇక టెన్షనే!

ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదని పోస్టులో అన్న మాట మాత్రం సరైనదే, అది ఫ్యాట్32 స్వభావం. పెద్ద సినిమా ఫైళ్లుంటే ఎక్స్‌ఫ్యాటే మేలు. 2020లో వచ్చిన లినక్స్ 5.7 నుంచి దానికి కెర్నెల్‌లోనే (లినక్స్ మూల భాగంలోనే) మంచి డ్రైవర్ ఉంది, ఫార్మాట్ చేయడానికి ఎక్స్‌ఫ్యాట్‌ప్రోగ్స్ అనే ప్యాకేజీ చాలు. కారు స్టీరియోలో పాటలకైతే ఫ్యాట్32 పెట్టండి, పాత సెట్లు చాలావరకు ఎక్స్‌ఫ్యాట్‌ని గుర్తుపట్టవు.